లక్డారం ఇంట్లో ఎవరో కిటికీ తెరిచేవారు

ముందే ఒక మాట చెప్పాలి. దెయ్యాల పేరు చెబితే నవ్వే మనిషిని నేను. పెళ్లికి ముందు బొల్లారంలో మాత్రల ప్యాకింగ్ పనికి వెళ్లేదాన్ని. కంపెనీ వెనక గోడకు ఆనుకునే బొందలగడ్డ ఉండేది. ఆ చుట్టుపక్కల నీడ అక్కడొక్కచోటే కాబట్టి మధ్యాహ్నం పూట ఆడవాళ్లమంతా టిఫిన్ డబ్బాలు పట్టుకుని సమాధుల పక్కనే కూర్చుని తినేవాళ్లం. చేపల కూర తేవద్దని కొందరు భయపెట్టేవారు. నేను తెచ్చేదాన్ని. ఏ దెయ్యమూ రాలేదు గానీ, నా పక్కన కూర్చున్నవాళ్లే ముక్కలన్నీ లాగించేసేవారు.

అందుకని, ఈమెకు ముందునుంచీ పిరికితనం ఉందిలే అనుకోవద్దు. నాకు ఉన్నది కోపం. ఓపిక తక్కువ. ఒకచోట కుదురుగా కూర్చోలేను. మా ఆయన నన్ను కాలు కాలిన పిల్లి అంటాడు. నిజమే, ఇది రాస్తూ కూడా మధ్యలో ఎన్నిసార్లు లేచానో నాకే తెలియదు.

మేము లక్డారంలో కిరాయికి దిగింది వానలు వెనకబట్టే రోజుల్లో. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను. మా ఆయన శ్రీశైలం తన కంపెనీ బస్సు ఎక్కే చోటుకు దగ్గర, కిరాయి కూడా తక్కువ. ఇల్లుగలామెను ఖాలా అని పిలిచేవాళ్లం. పెద్ద వయసు మనిషి, ముందు వైపు గదుల్లో ఒక్కతే ఉండేది. నడుమ వాకిలి, వాకిలి దాటితే మా గది, దాని పక్కన రేకుల కింద వంట చేసుకునే చోటు.

ఆ గది అసలు మనుషులు ఉండటానికి కట్టింది కాదు. ఖాలా కొడుకు ఉల్లిగడ్డల వ్యాపారం చేసే రోజుల్లో బస్తాలు వేసుకోవడానికి కట్టించాడట. చెక్క పలకల తలుపు, ఒకే ఒక్క కిటికీ. అది వెనక సందులోకి తెరుచుకుంటుంది. సందు అవతల ఏదో కంపెనీ గోదాము గోడ, మా స్లాబు కంటే ఎత్తుగా. ఇక ఎండ ఎక్కడినుంచి వస్తుంది?

గోడలు చెమట పట్టేవి. చెయ్యి ఆనిస్తే అరచేయి తడిసేది. ఉప్పు డబ్బాలో ఉప్పు నీరయ్యేది, అప్పడాలు గుడ్డపేలికల్లా వంగేవి. అగ్గిపెట్టెను కాసేపు ఒళ్లో పెట్టుకుంటే తప్ప పుల్ల అంటుకునేది కాదు. కిటికీ తెరిస్తే సాయంత్రం పూట కంపెనీల ఘాటు వాసన, మూస్తే బూజు వాసన. నేను మాత్రం ఎలాగోలా నెట్టుకొద్దామనుకున్నాను. కాన్పు అయ్యేలోపు ఇంకో ఇల్లు చూసుకోవచ్చని మా ఆయన అన్నాడు.

కాన్పు మమ్మల్ని అడిగి రాలేదు. నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. సంగారెడ్డి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. పిల్ల అనడానికి కూడా లేదు, అరచేతిలో పట్టేంత ప్రాణం. కొన్నాళ్లు గాజు పెట్టెలో ఉంచారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నిదానంగా చెప్పింది. ఈ పిల్లకు సొంతంగా ఒంట్లో వేడి నిలుపుకునే శక్తి ఇంకా రాలేదు, ఒళ్లు చల్లబడితే పాలు తాగదు, పాలు తాగకపోతే మనకు దక్కదు అని. నాకు ఇంకేమీ వినబడలేదు. వెచ్చగా ఉంచాలి. అంతే.

అలాంటి పిల్లను తీసుకుని నేను చేరింది ఆ చెమట పట్టే గదికి, అదీ చలికాలం మొదట్లో.

మా అమ్మ నా పెళ్లికి ముందే పోయింది. అందుకని మా అత్తమ్మే బొంతపల్లి దగ్గర తన ఊరినుంచి వచ్చి మాతో ఉంది. మాట కటువు గానీ మనిషి మంచిది. పెట్టె దించకముందే నాలుగు గోడలూ చేత్తో తడిమి చూసి, "గిది ఇల్లా, ఫ్రిజ్జా?" అని కొడుకు వంక చూసింది.

ఆమె ఆ మాట అనడంలో ఒక ఎకసెక్కం ఉంది. మా ఆయన పనే అది. మందుల కంపెనీలకు, పాల డెయిరీలకు కోల్డ్ రూములు కట్టే కంపెనీలో ప్యానెళ్లు బిగించే పని. రెండు వైపులా తెల్ల రేకు, మధ్యలో గట్టిపడ్డ నురుగు ఉండే పెద్ద పలకలవి. వాటిని ఒకదానికొకటి కలిపి సందుల్లో సిలికాన్ పెడితే గాలి దూరని గది తయారవుతుంది. ఊరందరికీ చల్లటి గదులు కట్టే మనిషి తన ఇంట్లో చలికి ముడుచుకుని పడుకునేవాడు.

మొదట మేము అందరూ చేసేవే చేశాం. పాత చీరలతో అత్తమ్మ కుట్టిన బొంతలు గోడలకు వేలాడదీశాం. రెండు రోజుల్లో అవి తడిసి వాసన కొట్టాయి. కింద గోనెసంచులు పరిచాం. ఇటుకను పొయ్యి మీద కాచి, గుడ్డలో చుట్టి పక్క కింద పెట్టాం. ఇస్త్రీపెట్టెతో పిల్ల గుడ్డలు ఆరబెట్టాను. హీటర్ తెచ్చి పెడితే ఖాలా ఇంటితో సహా కరెంటు పోయింది. ఎప్పుడు చూసినా నేను పిల్ల కాళ్లు పట్టుకుని చూస్తూ ఉండేదాన్ని. పాదాలు చల్లగా తగిలితే అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దేదాన్ని.

చివరికి మా ఆయనకు తన పనే గుర్తొచ్చింది. కంపెనీలో మిగిలిన ప్యానెల్ ముక్కలు సూపర్‌వైజర్‌ను అడిగి ఆటోలో వేసుకొచ్చాడు. గోడలకు నిలువునా బిగించాడు. సందుల్లో సిలికాన్ పెట్టాడు. తలుపు కింద రబ్బరు పట్టీ కొట్టాడు. కిటికీకి సరిగ్గా కొలిచి ఒక ముక్క కోసి, లోపలినుంచి చట్రంలో నొక్కి, చుట్టూ టేపు వేశాడు. పని అయ్యాక మధ్యలో నిలబడి, "ఇగ సల్లగాలి ఎట్లొస్తదో సూస్త," అన్నాడు.

రాలేదు. ఆ రోజు సాయంత్రానికే గది మారిపోయింది. తెల్ల రేకు మీద బల్బు వెలుగు పడి గదంతా పండగ ఇల్లులా కనిపించింది. గోడల తడి కళ్లబడటం లేదు, ముట్టుకుంటే పొడిగా ఉన్నాయి. పుట్టిన తర్వాత మొదటిసారి నా బిడ్డ చేతులు చాపి పడుకుంది. అంతవరకూ పిడికిళ్లు ముడిచే ఉండేది. నేను దాన్ని చూస్తూ ఏడ్చాను. మా ఆయన మీద అంత ప్రేమ నాకు పెళ్లిలో కూడా పుట్టలేదు.

దానికి తోడు అత్తమ్మ కుంపటి. పిల్లకు, నాకు నీళ్లు పోశాక బొగ్గులు రాజేసి, ఊదు, వాము వేసి పొగ పట్టేది. పొగ తగ్గాక కూడా కుంపటిని బయట పెట్టేది కాదు. నిప్పు కణకణమంటుంటే ఎందుకు వృథా చేయాలని గది మూలన ఉంచి, తలుపు మూసి వెళ్లేది. మా తరంలో ప్రతి బాలింతా ఇలా కాగినదే అనేది. మధ్యాహ్నం భోజనం చేసి ఆ వెచ్చదనంలో నేనూ పిల్లా నిద్రపోయేవాళ్లం.

అలా నిద్రపోయిన ఒక మధ్యాహ్నం నా మెడ మీద చల్లగా తగిలి మెలకువ వచ్చింది. కిటికీ తెరిచి ఉంది. ప్యానెల్ ముక్క కింద గోడకు ఆనించి ఉంది. ఊడదీసిన టేపు పక్కన మడిచి ఉంది. సందులోని చలిగాలి నేరుగా పిల్ల మీదికే కొడుతోంది. పిల్ల ముక్కు ముట్టుకుంటే చల్లగా ఉంది.

అత్తమ్మ పని అనుకున్నాను. ఊదు పొగ ఎక్కువైందని తీసి ఉంటుందని. అంతలో అత్తమ్మే లోపలికొచ్చి, ఉక్కపోస్తే చెప్పి తీయాలి గానీ పిల్ల ఉందన్న సోయి లేకుండా నేనే తీశానన్నట్టు నా వంక చూసింది. ఇద్దరం పైకి ఏమీ అనుకోలేదు. ఆ రోజు గిన్నెలు మాత్రం కాస్త గట్టిగానే చప్పుడు చేశాయి.

మర్నాడు అదే. ఒక రోజు ఆగి మళ్లీ అదే. మా ఆయన ఎంత గట్టిగా బిగించినా, టేపు రెండు వరసలు వేసినా, మేము నిద్రపోయి లేచేసరికి ప్యానెల్ కింద ఉండేది. సందులోనుంచి ఎవరైనా తీస్తున్నారా అంటే కిటికీకి ఇనుప కడ్డీలున్నాయి. ప్యానెల్ లోపలి వైపునుంచి బిగించింది, అవతలినుంచి నెడితే మంచం మీద పడాలి గానీ గోడకు ఒద్దికగా ఆనదు. ఖాలా మీద కూడా అనుమానపడ్డాను. తన కిటికీ పాడవుతుందని తీస్తోందేమోనని అడిగేశాను కూడా. ఆమె నొచ్చుకుంది. "అరే బేటీ, నీ బిడ్డకు సలి పెడితే నాకేం ఫాయిదా?" అంది. నిజమే కదా అనిపించింది గానీ, నా మనసు ఆగలేదు. రోజంతా గదిలో అటూ ఇటూ తిరిగేదాన్ని. పైగా తలనొప్పి, కడుపులో తిప్పడం. నిద్రలేక అనుకునేదాన్ని.

ఒక రోజు నిద్రపోకుండా కాపలా కాద్దామని గోడకు ఆనుకుని కూర్చున్నాను. కిటికీ మీదినుంచి చూపు తిప్పలేదు. తల బరువెక్కింది. కళ్లు ఒక్కసారి మూసి తెరిచినట్టే నాకు గుర్తు. తెరిచేసరికి ప్యానెల్ గోడకు ఆని ఉంది.

ఆ సాయంత్రం పిల్ల పాలు పట్టలేదు. పాదాలు నీలంగా కనిపించాయి. గుండెకు హత్తుకుని, బొంత చుట్టుకుని, ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. దారిపొడుగునా నేను దాని ముక్కు దగ్గర వేలు పెట్టుకునే ఉన్నాను. అక్కడ వేడి కింద ఉంచాక చీకడం మొదలుపెట్టింది. చిన్న డాక్టరు నన్ను కోప్పడ్డాడు. కిటికీలు బార్లా తెరిచి పెట్టుకున్నారా అన్నాడు. ఎవరో తెరుస్తున్నారు అని చెబితే నన్ను ఇంకో వార్డుకు పంపిస్తారు.

ఆ కిటికీ తెరిచేది ఎవరైనా సరే, నా బిడ్డ ప్రాణం తీయడానికే తెరుస్తున్నారని ఆ రోజు నేను తీర్మానించుకున్నాను.

ఇంటికి వచ్చాక మా ఆయన ఆ ప్యానెల్ ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను పిలిచి చూపించాడు. ప్యానెల్ నేల మీద లేదు. కింద రెండు చిన్న చెక్క ముక్కలు పెట్టి, వాటి మీద నిలబెట్టి ఉంది. గీతలు పడకుండా మంచి వైపు గోడకు తిప్పి ఉంది. ప్యానెళ్ల పని చేసేవాళ్లు మాత్రమే అలా పెడతారట. అంచు నేలకు ఆనితే తడి పీలుస్తుంది, విరుగుతుంది. తెలియనివాళ్లు ఎలా పడితే అలా వాలుస్తారు.

"పద్మా, నిజం చెప్పు. నువ్వే తీస్తున్నవా?" అన్నాడు.

ఆయన పని చేస్తుండగా నేను పక్కనే కూర్చుని చూశాను. ఆ పద్ధతి ఇంట్లో చూసినదాన్ని నేనొక్కదాన్నే. అందుకని నా మీదే అనుమానం. నాకు ఒళ్లు మండిపోయింది.

"నా బిడ్డను నేనే సలికి సంపుకుంటనా?" అన్నాను. ఆయన తల దించుకున్నాడు గానీ కాదనలేదు.

ఆ తర్వాత తల్లీకొడుకులు వాకిట్లో గొంతు తగ్గించి మాట్లాడుకోవడం విన్నాను. కొత్త బాలింతలకు ఒక్కోసారి మతి చలిస్తుందని, తాము ఏం చేస్తున్నదీ తమకే తెలియదని అత్తమ్మ చెబుతోంది. బొంతపల్లి వీరభద్రుడి దగ్గరికి తీసుకెళ్దామని, అప్పటిదాకా పిల్లను తన దగ్గర ఖాలా గదిలో పడుకోబెట్టుకుంటానని అంది. పాలకు మాత్రం నా దగ్గరికి తెస్తుందట. మా ఆయన సరే అన్నాడు.

నా బిడ్డను నా పక్కలోంచి తీసేస్తారని విన్నాక లోపలికెళ్లి పిల్లను ఒళ్లోకి తీసుకుని కూర్చున్నాను. నేను నిజంగానే తీస్తున్నానా అన్న అనుమానం కూడా ఒక్క క్షణం వచ్చింది. అదే అన్నిటికంటే ఘోరం.

సెలవు రోజున మా ఆయన కిటికీ సంగతి తేల్చేశాడు. ప్యానెల్ చట్రంలో పెట్టి నాలుగు వైపులా సిలికాన్ దట్టంగా పూశాడు. ఆరిందంటే కత్తితో కోస్తే తప్ప రాదు. వేలితో నొక్కి చూపించి, ఇక ఎవరూ తీయలేరు అన్నాడు. ఎవరూ అన్నప్పుడు నా వంక చూడకుండా అన్నాడు.

మర్నాడు చలి బాగా ఉంది. అత్తమ్మ నీళ్లు పోసి, రోజుకంటే ఎక్కువ బొగ్గులు వేసి కుంపటి పెట్టింది. బియ్యం ఏరుకోవడానికి చేట పట్టుకుని ఖాలా దగ్గరికి ముందు గదిలోకి వెళ్లింది. పిల్లను నేను నిద్రపోయాక వచ్చి తీసుకెళ్తుందని నాకు తెలుసు. అందుకే ఆమె అటు వెళ్లగానే లేచి తలుపుకు లోపలినుంచి గడియ వేసుకున్నాను. పిల్లను గుండెకు ఆనించుకుని పడుకున్నాను. ఆ గదికి అప్పుడు గాలి దూరే సందు ఒక్కటీ లేదు. మా ఆయన పని అంత బాగా చేశాడు.

ఆ తర్వాత నాకు గుర్తున్నది ఒక్కటే. నిద్రలో ఎక్కడో మరమేకు తిప్పుతున్న చప్పుడు వినబడింది. కిర్రుమని ఆగడం, మళ్లీ కిర్రుమనడం. మా ఆయన ఇంటికొచ్చి ఏదో పని చేసుకుంటున్నాడనుకున్నాను. ఆయన వచ్చాడు కదా అని నిశ్చింతగా అనిపించింది. చాలా రోజుల తర్వాత మొదటిసారి నా మనసు కుదుటపడింది. లేచి చూడాలనిపించలేదు.

మిగతాది అత్తమ్మ, ఖాలా చెప్పినది. ముందు గదిలో ఉండగా పిల్ల ఏడుపు వినబడిందట. ఎంతకీ ఆగకపోయేసరికి ఇద్దరూ వాకిట్లోకి వచ్చారు. మా గదికి తలుపు లేదు. తెరిచి ఉండటం కాదు, తలుపే లేదు. లోపలికి చలిగాలి కొడుతోంది. పిల్ల చలికి ఏడుస్తోంది, నేను పక్కన కదలకుండా పడి ఉన్నాను. ఎంత కుదిపినా పలకలేదు. ఇద్దరూ కలిసి నన్ను వాకిట్లోకి ఈడ్చారు. ఖాలా కేకలకు పక్కింటివాళ్లు వచ్చి ఆటో ఎక్కించారు.

ఆసుపత్రిలో నాకూ పిల్లకూ ఆక్సిజన్ పెట్టారు. కళ్లు తెరిచాక బిడ్డ ఎక్కడ అన్నాను. పక్క గదిలో ఉంది, ప్రాణానికి భయం లేదు అన్నారు. డాక్టరమ్మ అత్తమ్మను, మా ఆయనను నిలబెట్టి అడిగింది. గదిలో బొగ్గులు పెట్టారా అని. మూసిన గదిలో బొగ్గులు కాలితే విషవాయువు పుడుతుందట. దానికి వాసన ఉండదు, పొగ కనిపించదు. తలనొప్పి, వికారం, తర్వాత నిద్ర. ఆ నిద్రలోంచి లేవరు. తలుపు ఇంకొంచెం ఆలస్యంగా తెరుచుకుని ఉంటే తల్లీపిల్లా ఇద్దరూ ఉండేవాళ్లు కాదని చెప్పింది.

అత్తమ్మ అక్కడే గోడవారగా కూలబడింది. "నా సేతుల్తోనే పెట్టిన గదరా," అని కొడుకు కాళ్లు పట్టుకుని ఏడ్చింది. ఆయన ఆమెను లేపలేకపోయాడు. కిటికీకి సిలికాన్ పూసింది ఆయన చేతులే.

ఇక తలుపు సంగతి. మేము ఇంటికి వచ్చేదాకా ఖాలా దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆ చెక్క తలుపును చట్రానికి పట్టి ఉంచేవి పాతకాలపు పట్టీ కబ్జాలు. వాటి మరలు గది లోపలి వైపు కనిపించేవి. ఆ మరలన్నీ విప్పి తలుపు చట్రంనుంచి వేరు చేసి ఉంది. నేను వేసిన గడియ వేసినట్టే ముందుకు పొడుచుకుని ఉంది. విప్పింది ఎవరైనా గది లోపల ఉండే విప్పారు. మరలు ఎక్కడా పడలేదు, అత్తమ్మ వాము డబ్బా మూతలో పోసి పక్కన పెట్టి ఉన్నాయి. తలుపును లోపలి గోడకు ఆనించి, కింద రెండు ముక్కల మీద నిలబెట్టారు. రంగు వేసిన వైపు గోడకు తిప్పి ఉంది.

మత్తులో నేనే చేసి ఉంటానేమోనని మా ఆయన ఎంతో ఆలోచించాడు. నాకూ అదే అయితే బాగుండనిపించింది. కానీ ఇంట్లో స్క్రూడ్రైవర్ లేదు. ఆయన పనిముట్లు ఎప్పుడూ కంపెనీ లాకర్లోనే ఉంటాయి, సెలవు రోజు వాడినవి కూడా పొద్దున తీసుకెళ్లిపోయాడు. కత్తులు, చెంచాలు అన్నీ తీసి చూశాం, దేని మొన కూడా వంగలేదు. మరల తలలు చెక్కుచెదరలేదు. ఆ తలుపును తర్వాత ఇద్దరు మగవాళ్లు పట్టి మళ్లీ ఎక్కించారు. కాన్పు కుట్లు ఇంకా పచ్చిగా ఉండి, నీళ్ల బిందె ఎత్తలేని నేను దాన్ని దించి ఎలా నిలబెట్టగలను? దొంగ అనుకుందామా, నా మెడలో పుస్తెలతాడు అలాగే ఉంది. మా వాకిట్లోకి రావాలంటే అత్తమ్మ, ఖాలా కూర్చున్న చోటినుంచే రావాలి.

ఆ గదిలో ఎప్పుడైనా ఎవరైనా పోయారా అని ఖాలాను అడిగాం. ఆమె దేవుడి మీద ఒట్టేసి చెప్పింది. ఉల్లిగడ్డల బస్తాల తర్వాత అందులోకి వచ్చిన మొదటి మనుషులం మేమే.

తలుపు మళ్లీ ఎక్కించకముందే మా ఆయన దాని ముందు కూర్చుని, కిందున్న ముక్కలను చూస్తూ, "గిది మా ఉస్తాద్ పద్ధతి," అన్నాడు. ఉస్తాద్ అంటే ఆయనకు పని నేర్పిన పెద్దమనిషి. బీహార్‌నుంచి వచ్చి ఇక్కడ ఎన్నో ఏళ్లు పనిచేసి, వయసు మీదపడి ఊరికి వెళ్లిపోయాడు. మరలు డబ్బా మూతలో పోసుకోవడం ఆయన అలవాటేనట. మా ఇద్దరి మనసులోకీ ఒకే ఆలోచన వచ్చింది. ఆయన ఊళ్లో పోయాడేమోనని. మా ఆయన ఉస్తాద్‌కు ఫోన్ చేశాడు.

ఉస్తాదే ఎత్తాడు. నిక్షేపంగా ఉన్నాడు. గేదెకు మేత వేస్తున్నానని, పని ఎలా ఉందని, కొత్త కుర్రాళ్లు సిలికాన్ సరిగ్గా పెడుతున్నారా లేదా అని అడిగాడు. మా ఆయన ఊ కొడుతూ విని, ఏమీ చెప్పకుండా పెట్టేశాడు. బతికున్న మనిషిని దెయ్యం అని ఎలా అంటాం?

ఆ పూటే ఆయన గోడల ప్యానెళ్లన్నీ పీకేశాడు. కళ్లు తుడుచుకుంటూ పీకాడు. నేను పిల్లను ఎత్తుకుని వాకిట్లో కూర్చుని చూస్తుండగా నాకు తట్టింది. అత్తమ్మ అమావాస్యకు ఊరెళ్లి కుంపటి పెట్టని రోజు కిటికీ తెరుచుకోలేదు. బొగ్గులు తడిసి రాజుకోని రోజు తెరుచుకోలేదు. అత్తమ్మను అడిగితే ఆమె కూడా వేళ్లు మడిచి గుర్తు చేసుకుని అవునంది. కుంపటి ఉన్న రోజే తెరుచుకుంది. మేము మూసినప్పుడల్లా తెరుచుకుంది. తెరవలేకుండా చేస్తే తలుపే ఊడింది.

నెల తిరగకుండానే ఇల్లు మారాం. పటాన్‌చెరులో మేడ మీది గది, పొద్దంతా ఎండ. ఇప్పుడు నేను ఏ కాలంలోనూ కిటికీ పూర్తిగా మూయనివ్వను. మా ఆయన రగ్గులో దూరి సణుగుతాడు. సణగనీ. బిడ్డ మాత్రం బొద్దుగా అయింది. నాలాగే కుదురు లేదు, ఎత్తుకుంటే దిగిపోతుంది.

పోయిన పెత్రమాసకు అత్తగారి ఊరికి వెళ్లాం. ఆ రోజు చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం, పప్పు, కూరగాయలు అయ్యగారికి ఇవ్వడం మా దగ్గర ఆనవాయితీ. అత్తమ్మ మామయ్య పేరు మీద, వాళ్ల అత్తమామల పేరు మీద ఇచ్చింది. నేను ఎప్పుడో పోయిన మా అమ్మ పేరు చెప్పాను. అంతా అయ్యాక చూస్తే అత్తమ్మ చేతిలో ఇంకో మూట ఉంది. ఇది ఎవరి పేరు మీద అని అయ్యగారు అడిగాడు.

అత్తమ్మ మూట ముడి సర్దుకుంది. వెనక మనుషులు వరసలో నిలబడి ఉన్నారు. చివరికి, "పేరు తెల్వదు అయ్యగారూ. ఉన్నడో పోయిండో గూడ తెల్వదు," అంది.

అట్లయితే తాను తీసుకోకూడదన్నాడు ఆయన. ఒకవేళ బతికే ఉంటే, ఇలా ఇవ్వడం ఆ మనిషికి మంచిది కాదన్నాడు. ఆ మాట వినగానే అత్తమ్మ మూటను గబుక్కున వెనక్కి లాక్కుని ఒళ్లో దాచుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.

ఎంతోమందిని అడిగాను. చదువుకున్నవాళ్లను, దేవుణ్ని నమ్మేవాళ్లను, ఏదీ నమ్మనివాళ్లను. ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. ఏ కారణమూ ఆ తలుపును గడియతో సహా ఊడదీసి నిలబెట్టలేకపోయింది. మేము బతికి ఉన్నామన్నది ఒక్కటే నాకు గట్టిగా తెలుసు. ఎవరి వల్లనో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంటికి వచ్చి అత్తమ్మ ఆ మూట విప్పి, ఆ బియ్యమే వండింది, ఆ పప్పే చేసింది. ముద్ద కలిపి ముందు నా బిడ్డ నోట్లో పెట్టింది. అది నమిలి మింగి, మళ్లీ నోరు తెరిచింది.